లక్క రంగు కోడిపిల్లలు

ఒకానొక రాజ్యం అనగానే మీరు కొండలూ కోనలూ మహానదులూ ఊహించుకోకండి. పొద్దున్నే ఈ కొసన బయలుదేరినవాడు ఎండ ముదిరేలోగా ఆ కొసన కూర్చుని మజ్జిగ తాగొచ్చు. అంతే రాజ్యం. దాన్ని ఏలే రాజుగారి పేరు మాత్రం పలకడానికే సగం పూట పట్టేది: శ్రీమత్ప్రచండ భూమండల మార్తాండ గజసింహ భూపతి. మనకంత ఓపిక లేదు గనక గజసింహుడు అనుకుందాం.

గజసింహుడు చెడ్డవాడేం కాదు. ఒకర్ని కొట్టిందీ లేదు, ఒకర్ని దోచిందీ లేదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, కంటికి కనిపించినదాన్నల్లా నాది అనడం. వాన పడితే నా వాన అనేవాడు. మామిడి పూస్తే నా పూత అనేవాడు. ఒక దసరాకి ఏకంగా దండోరాయే వేయించాడు.

"నేల మీది దుమ్ము మొదలు కోడి ఈక వరకు ఈ రాజ్యంలో సమస్తమూ ప్రభువుల సొత్తు! ప్రజలు పెంచి పెట్టేవాళ్లు మాత్రమే! అందరూ తెలుసుకోవలసిందహో!"

జనం విన్నారు, చాటుగా నవ్వుకున్నారు, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. రాజుగారికి సొంతంగా ఒక రంగు కూడా ఉండేది, లక్క ఎరుపు. ఆయన తలపాగా ఆ రంగు, పల్లకీ తెరలు ఆ రంగు, జెండా ఆ రంగు. ఆ రంగు ఇంకెవరూ కట్టకూడదు. ఆ రంగు ఉన్నదాని మీద చెయ్యి వేస్తే రాజుగారి ఒంటి మీద చెయ్యి వేసినట్టేనని శాసనం.

కోట గోడకి అవతల తవుటిపేట అని ఒక పేట. అక్కడ ఏ పెరట్లో చూసినా కోళ్లు, బాతులు, రెండు మూడు మేకలు. ఆ పేటలో సింగమ్మ అని ఒకావిడ ఉండేది. మాట పడే రకం కాదు. ఎదుట ఎవరున్నారో చూసుకుని నోరు తెరిచే అలవాటు ఆమెకి పుట్టుకతోనే లేదు. ఆమె మొగుడు దాలయ్య గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు పేటలో తక్కువ. ఆ ఇంట్లో ఆయనకి ఆ అవసరం పడలేదు.

తవుటిపేటలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకోళ్లన్నీ ఒకే వీధిలో తిరుగుతాయి గదా, చీకటి పడే వేళకి ఎవరి పిల్లలేవో తెలియాలి. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. గుడ్డులోంచి బయటపడి ఒళ్లు ఆరగానే పిల్లల వీపు మీద ఆ ఇంటి రంగు పూసేవారు. సింగమ్మ ఇంటిది పసుపు. పక్కింటి నూకాలుది నీలిమందు. కొడుకు వేరుపడితే పొయ్యి కంటే ముందు కోడిపిల్లల రంగు మార్చుకునేవాడు. ఎవరి రంగు ఉంటే వాళ్లే యజమాని, ఇక దాని మీద తగువు లేదు.

ఇంకో పద్ధతీ ఉంది. ఆకాశంలో డేగ కనిపిస్తే మొదట చూసినవాళ్లు "డేగో... డేగ!" అని కేక పెట్టాలి. ఆ కేక విన్న ప్రతి ఇంటివాళ్లూ చేటలూ మూకుళ్లూ పట్టుకుని బయటికొచ్చి వాయిస్తూ అరవాలి. ఏళ్ల తరబడి మాటల్లేని తోటికోడళ్లు కూడా డేగ వచ్చినప్పుడు మాత్రం పక్కపక్కన నిలబడి అరిచేవారు. డేగ వెళ్లిపోయాక మళ్లీ మూతులు తిప్పుకుని లోపలికి పోయేవారు.

ఇలా ఉండగా పొరుగు రాజెవరో గజసింహుడికి ఒక వేటడేగని కానుక పంపాడు. రాజుగారు మురిసిపోయి దానికి గగనేంద్రుడని పేరు పెట్టారు. వెండి గొలుసు చేయించారు. రోజూ పొద్దున కోట బురుజు మీంచి దాన్ని వదిలేవారు. కోట పక్కనే తవుటిపేట, పేట నిండా కోడిపిల్లలు. గగనేంద్రుడికి ఇంక దూరం పోయే పనేముంది?

మొదటి రోజు పేటంతా అలవాటు కొద్దీ అరిచింది. మూకుళ్ల మోతకి గగనేంద్రుడు బెదిరిపోయి ఖాళీ గోళ్లతో తిరిగొచ్చి రాజుగారి సింహాసనం వెనక దూరాడు. అతిథుల ముందు రాజుగారి తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికల్లా మంత్రి గుండప్ప కొత్త శాసనం చదివించాడు.

"గగనేంద్రుల వారు విహారానికి వచ్చినప్పుడు ప్రజలు నిలబడి, చేతులు జోడించి, మౌనంగా ఉండవలెను. అరిచినవాడు ఎవడైనా సరే, ఆ రోజే రాజ్యం విడిచి పోవలెను!"

అప్పట్నుంచి పేటకి గొంతు పోయింది. పొద్దున్నే డేగ వచ్చేది. ఆడవాళ్లు దణ్ణం పెట్టుకుని నిలబడేవారు. కళ్లెదుటే పిల్లని తన్నుకుపోయేది. నూకాలు ఇంట నీలిరంగు పిల్ల ఒక్కటి మిగల్లేదు. సింగమ్మ పెరట్లోనూ ముందు పొదిగిన పిల్లలన్నీ అలాగే పోయాయి. మిగిలింది బొల్లిపెట్ట, అది కొత్తగా దించిన పిల్లలు.

బొల్లిపెట్ట అంటే సింగమ్మకి ప్రాణం. పిడుగులు పడితే గుడ్లు మురిగిపోతాయని పొదిగే గంపలో ఇనుప ముక్కా బొగ్గూ వేసి, మొన్నటి గాలివానలో గంప మీద తన దుప్పటి కప్పి, తను తడుస్తూ కూర్చుంది. ఆ వానలో బొల్లి లేవలేదు, సింగమ్మా లేవలేదు. అలా దిగిన పిల్లలవి. ఇవీ పోతే పెరట్లో నూకలు చల్లే పని ఉండదు, సంతకి పట్టుకెళ్లే గుడ్డు ఉండదు.

ఒకనాడు పొద్దున్నే గగనేంద్రుడు రానే వచ్చాడు. సింగమ్మ వాకిట్లో చేతులు జోడించుకుని నిలబడింది. పళ్లు పటపట కొరుకుతోంది. గొంతు దాకా వచ్చిన కేకని మింగుతోంది. దాలయ్య ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాడు. డేగ రెక్కలు ముడిచి పిల్లల మీదికి దిగింది.

శాసనం మనుషులకి చదివారు గానీ బొల్లికి ఎవరూ చదవలేదు. అది ఒక్క గెంతు గెంతి డేగ మొహం మీద పడింది. దుమ్ము లేచింది. ఏది డేగో ఏది పెట్టో తెలియలేదు. దుమ్ము సర్దుకునేసరికి గగనేంద్రుడు వంకరగా ఎగురుకుంటూ కోట వైపు పోతున్నాడు. ఆయనగారి తోక ఈక ఒకటి సింగమ్మ వాకిట్లో పడి ఉంది.

సింగమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా ఆరకముందే మంత్రి గుండప్ప భటులతో వచ్చేశాడు.

"నేరస్థురాలు ఎక్కడ?" అన్నాడు.

"నేనేనా బాబూ?"

"నువ్వు కాదు. కోడి." గుండప్ప గొంతు సవరించుకున్నాడు. "రాజపక్షి మీద దాడి చేసినందుకు ఈ పెట్టనీ, దీని సంతానాన్నీ రేపు నిండు సభలో గగనేంద్రుల వారికి ఆహారంగా అర్పించాలని ప్రభువుల ఆజ్ఞ. నువ్వే స్వయంగా తీసుకురావాలి."

వాళ్లు వెళ్లాక దాలయ్య మెల్లగా అన్నాడు. "పోనీలేవే. కోడే గదా. మన తలలు మనకి మిగిలాయి."

"కోడే! పొద్దున ఈ రాజ్యం మొత్తంలో ఎదురు తిరిగింది అదొక్కటే. మనమేం చేశాం? దణ్ణం పెట్టాం!" సింగమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. "నా చేతుల్తో తీసుకెళ్లి దాని ముందు పెట్టాలా? చూస్తాను, ఎలా తింటుందో!"

బొల్లి దగ్గర కూలబడి ఒక పిల్లని ఒళ్లోకి తీసుకుంది. దాని వీపు మీద పసుపు వెలిసిపోయి ఉంది. మళ్లీ పుయ్యాలి అనుకుంది అలవాటు కొద్దీ. రేపు చచ్చేదానికి రంగెందుకు అనుకుంది వెంటనే. ఆ మాట దగ్గరే ఆమె ఆలోచన ఆగింది. కాసేపు అలాగే పిల్ల వీపు నిమురుతూ కూర్చుని, ఉన్నట్టుండి లేచి, కుండ చంకన పెట్టుకుని లక్కగాజులు చేసేవాళ్ల ఇంటికి వెళ్లింది. లక్క కడిగినప్పుడు ఎర్రటి నీళ్లు దిగుతాయి, వాటిని వాళ్లు పారబోస్తారు. ఆ నీళ్లు కుండ నిండా తెచ్చుకుంది.

నూకాలు గోడ మీంచి తొంగి చూసి గుండె బాదుకుంది. "ఏంటొదినా ఈ పని! అది రాజుగారి రంగు! తల మీదికి తెచ్చుకుంటున్నావు!"

"ఎవరి సొత్తుకి వాళ్ల రంగు పూస్తున్నాను, అంతే. దండోరా నువ్వు విన్లేదా?" అంది సింగమ్మ, పిల్లని కుండలో ముంచి తీస్తూ. ముందు పిల్లలు ఎర్రబడ్డాయి. తర్వాత బొల్లి. తెల్లమచ్చల చోట రంగు బాగా పట్టింది. అది తనని తాను వంకరగా చూసుకుని, నచ్చలేదన్నట్టు ఒళ్లు దులుపుకుంది.

నూకాలు కాసేపు గుడ్లప్పగించి చూసింది. "ఇంకా నీళ్లు మిగిలాయా?" అంది చివరికి. "నాకు బాతుపిల్లలున్నాయి."

మర్నాడు సింగమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి, పేటంతా గంపలతో నిలబడి ఉంది. ఏ గంప మూత తీసినా లక్క ఎరుపే. ఎవరో మేకపిల్ల చెవుల్ని కూడా వదల్లేదు. సింగమ్మ నెత్తి మీద గంప సర్దుకుని ముందు నడిచింది.

సభ కిటకిటలాడుతోంది. సింహాసనం మీద గజసింహుడు, పక్కన వెండి కొయ్య మీద తోక ఈక ఊడిన గగనేంద్రుడు. సింగమ్మ గంప దించి మూత తీసింది. గుండప్ప ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"రాజవర్ణం! ప్రభూ, రాజద్రోహం! ఈ ఆడది కోళ్లకి తమరి రంగు పూసింది!"

రాజుగారి మీసం అదిరింది. "ఏమిటే ఈ పొగరు?"

"పొగరేం కాదు మారాజా, మా పేట పద్ధతి" అంది సింగమ్మ. "కోడిపిల్లకి యజమాని రంగు పుయ్యాలి. ఇన్నాళ్లూ తెలీక నా రంగు పూసుకున్నాను. సమస్తం తమరిదే, కోడి ఈకతో సహా, అని తమరే గదా దండోరా వేయించారు? మరి తమరి కోడికి నా పసుపు పూస్తే అది దొంగతనం కాదా?"

రాజుగారి మొహం విప్పారింది. ఇంతకాలానికి తన దండోరాని మనసుకి పట్టించుకున్న మనిషి దొరికింది. "విన్నావా గుండప్పా? ఇదీ భక్తంటే!"

గుండప్ప అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "చిత్తం. కానీ శిక్ష శిక్షే ప్రభూ. డేగని వదలమని సెలవివ్వండి."

"వదలండి బాబూ, నాదేం పోయింది" అంది సింగమ్మ. "ఈ రంగు ఉన్నదాన్ని ముట్టుకుంటే రాజుగారి ఒంటిని ముట్టుకున్నట్టని శాసనం. డేగని ఏం చేస్తారో మీరే చూసుకోండి."

సభలో గుసగుసలు లేచాయి. కానీ గజసింహుడికి పేరు పెద్దదైనా బుర్ర మరీ చిన్నదేం కాదు. ఆయన తాపీగా నవ్వాడు.

"తెలివిగలదానివే. కానీ డేగా నాదే, కోడీ నాదే. నా డేగ నా కోడిని తింటే మధ్యలో ద్రోహం ఎక్కడిది? నా కుడిచెయ్యి నా ఎడమచేతిని గోకినట్టు! వదలండి గగనేంద్రుణ్ణి!"

సింగమ్మ రాత్రంతా అల్లుకున్న ఎత్తు అక్కడితో అయిపోయింది. గంపలోంచి బొల్లి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు సింగమ్మ భరించలేకపోయింది. ఒంగి ఒక పిల్లని చేతిలోకి తీసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని నేరుగా సింహాసనం మెట్లెక్కింది. భటులు అడ్డం వచ్చేలోగానే అంది:

"అలాగే కానీండి దొరా. కానీ అప్పగింత ఉంది గదా. సొత్తుని సొంతదారు చేతిలో పెట్టకుండా నేను బాధ్యత దించుకోలేను. పట్టుకోండి."

సొంతదారు అన్న మాట రాజుగారికి చెవిలో తేనె పోసినట్టుంది. చెయ్యి చాచాడు. సింగమ్మ పిల్లని అరచేతిలో పెట్టింది. "ఇంకో చెయ్యి మీద కప్పండి. గట్టిగా కాదు. వెచ్చగా ఉండాలి. ఆ, అంతే."

నాది నాది అని అన్నేళ్లుగా అంటున్నవాడు తనదాన్ని చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. పిల్ల ముందు గడగడ వణికింది. తర్వాత రాజుగారి ఉంగరాన్ని రెండు పొడుపులు పొడిచి చూసింది. గింజ కాదని తేలాక, బొటనవేలి కింద తల దూర్చి కళ్లు మూసుకుంది. దాని చిన్న గుండె ఆయన అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది.

"నిద్రపోయింది" అన్నాడు రాజుగారు గొంతు తగ్గించి, ఎవరితోనో తెలియకుండా.

"ఇప్పుడు వదలమనండి డేగని" అంది సింగమ్మ. ఇది కుదరకపోతే బొల్లి పోతుంది, పిల్లలు పోతాయి. ఆమెకి వేరే దారి తోచలేదు.

గొలుసు విప్పారు. గగనేంద్రుడు సభ మీద ఒక చుట్టు తిరిగాడు. బొల్లి గట్టిగా ఒక్క అరుపు అరిచింది. గంపలో పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరిపోయాయి, ఒక్కటి కూడా బయట కనిపించలేదు. నిన్న తిన్న తన్నులు డేగకి బాగా గుర్తున్నాయి, ఆ గంప జోలికి అది పోలేదు. తల్లి అరుపు విని రాజుగారి చేతిలో పిల్ల ఉలిక్కిపడి లేచి, వేళ్ల సందులోంచి తల బయటపెట్టి "కీచ్ కీచ్" మంది. డేగ మెడ అటు తిరిగింది. రెక్కలు ముడిచి నేరుగా సింహాసనం మీదికి దిగింది.

"హుష్! హుష్! పో! డేగ! డేగ!"

ఆ కేక ఎవరిదో సభకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. భూమండల మార్తాండుడు సింహాసనం మీంచి లేచి, పిల్లని గుండెకి అదుముకుని, ఊడబెరికిన తలపాగాని గిరగిరా తిప్పుతూ, "పోవే! పో! నా పిల్లే ఇది!" అని కోట దద్దరిల్లేలా అరుస్తున్నాడు. గగనేంద్రుడు కంగారుపడి ఛత్రం మీదికెక్కి కూర్చున్నాడు.

రాజుగారు రొప్పుతూ చుట్టూ చూశాడు. ఎదురుగా సింగమ్మ, ఆమె వెనక తవుటిపేట మొత్తం, శాసనంలో చెప్పినట్టే కదలకుండా, మెదలకుండా, చేతులు జోడించుకుని నిలబడి ఉన్నారు.

"అలా చూస్తారేం! దాన్ని తోలరేం!" అన్నాడు రాజుగారు.

"మేం ఎలా తోల్తాం దొరా? నిలబడి దణ్ణం పెట్టాలని తమ శాసనం" అంది సింగమ్మ. "అయినా తమ కుడిచెయ్యి తమ ఎడమచేతిని గోకుతుంటే అంత కంగారు దేనికి?"

రాజుగారి చేతుల్లో పిల్ల ఇంకా కీచుమంటూనే ఉంది.

"మా చేతుల్లోనూ ఇలాగే అరిచాయి మారాజా, ప్రతి పొద్దునా" అందామె. "తమరు ఇన్నాళ్లూ నాదీ నాదీ అన్నారు. చేతిలో పెట్టాక గానీ అరవాలని తమకే తెలీలేదు. పెంచినవాళ్లం, మాకెలా ఉంటుంది?"

సింగమ్మ కళ్లు తుడుచుకుని గుండప్ప వైపు తిరిగింది.

"మంత్రిగారూ, డేగ మీద అరిచినవాడు ఎవడైనా సరే అని గదా తమరు చదివించింది? ఆ రోజే రాజ్యం విడిచి పోవాలని?"

గుండప్ప నేల చూపులు చూశాడు. శాసనం రాసింది ఆయనే, కాదనడానికి వీల్లేదు.

"తమరు దిగులుపడకండి దొరా" అంది సింగమ్మ ఎంతో మర్యాదగా. "తమ రాజ్యం పెద్దదేం కాదు గదా. ఇప్పుడు బయలుదేరితే ఎండ ముదిరేలోగా పొలిమేర దాటేస్తారు. దారికి మజ్జిగ నేను కట్టిస్తాను."

దాలయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తన పెళ్లాం తల నేల మీద పడే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఆ చప్పుడు రాలేదు. కిక్కిక్ అని ఏదో సన్నగా వినిపించింది. ఆ సన్నటిది పెరిగి పెద్దదై సభ మండపమంతా నిండింది. గజసింహుడు నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ సింహాసనం మీద కూలబడి, కళ్ల నీళ్లు తలపాగాతో ఒత్తుకుంటూ, "మజ్జిగట! దారికి మజ్జిగ కట్టిస్తుందట!" అని మళ్లీ నవ్వాడు.

నవ్వు ఆగాక అన్నాడు. "గుండప్పా, ఆ శాసనం చింపెయ్యి. నన్ను ఈ వయసులో దేశాలు పట్టించేలా ఉంది. సింగమ్మా, ఏం కావాలో అడుగు. పట్టుచీరా? కడియాలా?"

"పట్టుచీర కట్టుకుని తవుడు కలపలేను దొరా. ఒక్క అరుపు ఇప్పించండి చాలు."

"అరుపా?"

"చాలా రోజులుగా గొంతులో ఉండిపోయింది. తమ ముందే, ఇక్కడే అరవనివ్వండి."

రాజుగారు తలూపాడు. సింగమ్మ ఛత్రం మీద కూర్చున్న గగనేంద్రుడి వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "డేగో... డేగ!" అని కేక పెట్టింది. ఆ వెంటనే నూకాలు, ఆ వెంటనే పేటంతా అందుకుంది. మూకుళ్లు తేలేదు గనక గంప మూతలే బాదారు. ఆఖరికి దాలయ్య కూడా అరిచాడు, అదీ గట్టిగా. గగనేంద్రుడు కిటికీలోంచి ఎగిరిపోయాడు. భటులు వెతికి పట్టుకునేసరికి సాయంత్రమైంది.

బొల్లి గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరబోతూ సింగమ్మ చెయ్యి చాచింది. "ఆ పిల్లని ఇలా ఇవ్వండి మారాజా."

"ఇవ్వను" అన్నాడు గజసింహుడు, చేతులు వెనక్కి తీసుకుని. "ఇది నాదే."

సింగమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "అయితే నూకలు మెత్తగా దంచి పెట్టండి. నీళ్ల మూకుడు లోతుగా ఉండకూడదు" అని చెప్పి వచ్చేసింది.

ఆ తర్వాత కూడా వేటడేగలు ఎగిరాయి, అడవిగద్దలూ వచ్చాయి, డేగ జాతి ఎక్కడికి పోతుంది. కానీ ఆకాశంలో నీడ కదిలిందంటే చాలు, తవుటిపేటలో ఎవరూ చేటలు అందుకునేలోగానే కోట బురుజు మీంచి ఒక బొంగురు గొంతు వినిపించేది, "డేగో... డేగ!" అని. సింగమ్మ పెరట్లోంచి తలెత్తి, "మా పేటలో కొత్తగా ఒకాయన కోళ్లు పెంచుతున్నాడు" అని నూకాలుతో చెప్పి, మూకుడు తీసుకుని తనూ అరవడానికి బయటికి వచ్చేది.